మంచు గుహలో ఒకరు తక్కువ

గుహ తలుపు దగ్గర గైడు ఒక్కొక్కరి వైపూ వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. చివరికి జేబులోంచి చిన్న పుస్తకం తీసి అంకె వేసుకున్నాడు. ముప్పై రెండు. భాష రాకపోయినా అంకెలు ఏ దేశంలోనైనా నూర్ బీకి తెలుస్తాయి.

నలుగురికి ఒకటి చొప్పున దీపాలిచ్చారు. వాసన తగలగానే ఆమెకు రాయచోటి ఉరుసులో మిఠాయి అంగళ్ళు గుర్తొచ్చాయి. అదే కార్బైడ్ వాసన. మేఘాలకంటే ఎత్తున, తీగ మీద వేలాడే పెట్టెలో కూర్చుని, ఆ తర్వాత అరగంట నడిచి ఎక్కితే గాని రాని ఈ కొండలో అది ఎదురవుతుందని ఆమె అనుకోలేదు.

కువైట్ నుంచి వాళ్ళు ఈ కొండల దేశానికి వచ్చి పన్నెండు రోజులైంది. ఇంటి యజమాని బాబా, ఆయన భార్య మామా, వాళ్ళ ఆరేళ్ళ కూతురు దానా. వంటకు నూర్ బీ, దానాను చూసుకోవడానికి పుష్పలత. కువైట్ విమానాశ్రయంలోనే పనివాళ్ళ ఫోన్లు రెండూ తీసుకుని మామా తన సంచిలో వేసుకుంది. "తిరిగొచ్చాక ఇస్తాను" అంది. పాస్‌పోర్టులు ఎప్పుడూ బాబా దగ్గరే ఉంటాయి. యూరప్‌లో పనివాళ్ళు పారిపోతారని మామా చెల్లెలు ఫోన్లో చెప్పడం నూర్ బీ వంటింట్లోంచి వింది. వినీ విననట్టు లూమీ అనే ఎండు నిమ్మకాయలకు బెజ్జాలు పొడుస్తూ ఉండిపోయింది.

"అక్కా, బెలుం గుహలకు పోయింటివా నువ్వు?" అంది పుష్పలత. దానాను చంకనెత్తుకుని ఉంది. "ఎనిమిదో తరగతిలో మా సార్లు పిల్చుకపోయినారు. ఆడ ఉక్కకు చచ్చినాం. ఈడ చలికి చస్తాండాం. గుహలంటేనే నాకు గిట్టవు."

"నోరు మూసుకోని ఎక్కు మే. మామా ఎనక్కి చూస్తాంది."

"చూడనీలే. ఈ కుళ్ళాయి పెట్టుకుంటే కోతి మాదిరుండానని ఈ పిల్ల పొద్దున్నుంచి ఒకటే నవ్వు."

పుష్పలత ఒంటి మీద బాబా పాత స్వెటర్ ఉంది. చేతులు రెండు మడతలు పెట్టినా వేళ్ళ దాకా జారుతున్నాయి. కాళ్ళకు గుడ్డ బూట్లు. కువైట్‌లో శుక్రవారం సంతలో కొన్నవి, ఎండలో నడవడానికి చేసినవి.

గైడు తలుపు తీయగానే లోపలి నుంచి గాలి ఒక్క ఉదుటున వచ్చి దీపాలన్నీ ఆర్పేసింది. జనం అరిచారు, నవ్వారు. నూర్ బీకి మాత్రం కొండ ఊపిరి వదిలినట్టుగా ఉంది. "బిస్మిల్లా" అనుకుంటూ కుడికాలు లోపల పెట్టింది.

దీపాలు మళ్ళీ వెలిగించుకున్నాక మెట్లు మొదలయ్యాయి. చెక్క మెట్లు, తడి మెట్లు, లెక్కలేనన్ని. రెండు పక్కలా మంచు. తెల్లగా కాదు, నీలంగా, లోపల ఏదో దాచుకున్నట్టు. గైడు ముందు నిలబడి మతాబులా మండే ఒక తీగ ముట్టించి మంచు వెనక పట్టుకుంటే గోడంతా లోపలి నుంచి వెలిగింది. అందరూ ఆహా అన్నారు. తీగ ఆరిపోయాక అంతకు ముందున్న చీకటి కంటే పెద్ద చీకటి వచ్చింది.

పుష్పలత రెండుసార్లు జారింది. రెండోసారి మోకాలు మెట్టుకు కొట్టుకుంది. దానా భయపడి ఏడుపు మొదలుపెట్టింది. వెనకాల ఉన్న ముసలి దంపతులు ఆగాల్సి వచ్చింది. బాబా దిగొచ్చి కూతుర్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. మెట్లు మలుపు తిరిగే చోట చదునుగా కొంచెం జాగా, ఒక చెక్క బల్ల ఉన్నాయి.

మామా వెనక్కి తిరిగి నూర్ బీతో అంది: "దాన్ని ఇక్కడే కూర్చోమను. బ్యాగు కూడా దాని దగ్గరే పెట్టు. మనం తిరిగి వస్తాం కదా."

పుష్పలతకు అరబీ ఇంకా సరిగా రాదు. వచ్చి ఎనిమిది నెలలే. ఆ ఇంట్లో ఆమెకు ఏ పని చెప్పాలన్నా మామా నూర్ బీకే చెబుతుంది. పదకొండేళ్ళుగా అదే రివాజు. కొత్తగా ఎవరొచ్చినా మాట నూర్ బీ నోటి మీదుగానే వెళ్ళాలి.

"పుష్పా, ఈడ్నే కూర్చో. మేము వచ్చేదాకా కదలొద్దు."

"ఒక్కదాన్నేనా?"

"ఇంగో గుంపు ఎనకనే వస్తాదంట. బయపడాకు."

"దీపం?"

నూర్ బీ చేతిలోని దీపం చూసింది. పైనుంచి బాబా పిలిచాడు: "యల్లా, దీపం!" మామా ముందు మెట్టు కనపడక నిలబడి ఉంది.

"మామాకు దోవ కనపడాల గదా" అంది నూర్ బీ.

పుష్పలత బల్ల మీద కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, స్వెటర్ చేతుల్లోకి వేళ్ళు ముడుచుకుంది. "తొందరగా రాండి అక్కా" అంది. మలుపు తిరిగాక ఆమె కనపడలేదు.

కదలొద్దు అనే మాట మామా చెప్పలేదు. అది నూర్ బీ తనంతట తాను కలిపింది. కొత్త పిల్లలకు ఎప్పుడూ అట్లాగే చెబుతుంది. ఎయిర్‌పోర్టులో, ఆసుపత్రిలో, మాల్‌లో. కదిలితే తప్పిపోతారు, తప్పిపోతే తిట్లు తినేది వాళ్ళే.

పైన గైడు చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత దిగడం మొదలైంది. యాభై మెట్లు దిగాక నూర్ బీకి తెలిసింది, ఇవి ఎక్కిన మెట్లు కావు. ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఇంకొకటి. మంచు గోడకు అవతల ఎక్కడో ఆ మలుపు, ఆ బల్ల ఉండాలి. దీపం ఎత్తి చూసింది. ఆమె నీడే మంచు మీద పెద్దగా పడింది.

"మామా" అని పిలిచింది.

"పద, పద. దానా కాళ్ళు గడ్డకట్టాయి" అంది మామా తిరిగి చూడకుండా.

తలుపు దగ్గర గైడు మళ్ళీ లెక్కపెట్టాడు. మొదటి నుంచి ఇంకోసారి పెట్టాడు. పుస్తకం చూసుకున్నాడు. ఒక వేలు పైకెత్తి గట్టిగా ఏదో అడిగాడు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ వేలు ఎవరి గురించో తెలిసింది నూర్ బీ ఒక్కదానికే కాదు. మామా బాబా వైపు చూసింది. దానా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

బాబా ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. అందులో నూర్ బీకి అర్థమైనవి మూడు మాటలు: కోల్డ్, గో, బిఫోర్. చలికి తట్టుకోలేక ముందే బయటికి వెళ్ళిపోయింది అని చెబుతున్నాడు. గైడు అనుమానంగా చూసి, మరొకసారి అడిగాడు. బాబా తల ఊపాడు.

నూర్ బీ నోరు తెరిచింది. లేదు అనడానికి ఏ భాషలోనైనా ఒక్క మాటే కావాలి. బాబా మాటకు పదకొండేళ్ళలో ఆమె ఎన్నడూ అడ్డం చెప్పలేదు. నోరు మూసుకుంది. గైడు తలుపు తీశాడు. బయట ఎండ కళ్ళలో పొడిచింది.

కిందికి దిగాక, కార్లు ఆగే చోట పావుగంట నిలబడ్డారు. వాన మొదలైంది. దానాకు ఒళ్ళు కాలుతోంది.

"మామా, అది పైనే కూర్చుని ఉంటుందేమో" అంది నూర్ బీ.

"ఇంతసేపా? అదేం రాయి కాదు కదా" అంది మామా. ఆ తర్వాత, బాబాతో మెల్లగా అంది: "వెళ్ళిపోయింది. నా చెల్లెలు చెప్పనే చెప్పింది. బ్యాగు కూడా తీసుకుని వెళ్ళింది."

ఆ బ్యాగు సర్దింది నూర్ బీ. అందులో ఏమున్నాయో ఆమెకు తెలుసు. టీ ఫ్లాస్కు, దానా మేజోళ్ళు రెండు జతలు, బిస్కెట్ల పొట్లం, తడి తుడుపు కాగితాలు. వాటితో ఏ దేశానికి పారిపోతుంది ఎవరైనా?

అద్దె ఇంటికి వచ్చాక బాబా పోలీసులకు ఫోన్ చేశాడు. పనిమనిషి పారిపోయిందని చెప్పాడు. నూర్ బీ బియ్యం కడుగుతూ వింటూ ఉంది. ఐదుగురికి పోసిన బియ్యం. చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి మళ్ళీ సంచిలో వేయబోయి ఆగింది. తీయలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం విమానంలో నలుగురూ కువైట్‌కు తిరిగొచ్చారు.

*

ముబారక్ అల్ కబీర్ ప్రాంతంలోని ఆ ఇంట్లో ఏసీలు ఆగకుండా నడుస్తున్నా గోడలు వేడిగానే ఉన్నాయి. రెండు వారాల దుమ్ము కిటికీల మీద మందంగా పేరుకుంది. నూర్ బీ గురువారం పొద్దున్నుంచీ తుడుస్తూనే ఉంది. తుడిచిన చోట మళ్ళీ తుడిచింది.

పనివాళ్ళ గదిలో పుష్పలత మంచం మీద ఆమె నైటీ, దువ్వెన, వెంకటేశ్వరస్వామి చిన్న పటం ఎట్లా పెట్టినవి అట్లాగే ఉన్నాయి. నూర్ బీ ఫోన్ మామా తిరిగి ఇచ్చేసింది. పుష్పలత ఫోన్ మామా డ్రాయరులో ఉంది. సాయంత్రం నాలుగింటికి మామా గది తుడుస్తుంటే ఆ డ్రాయరు లోపల ఫోన్ మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. ఊర్లో ఈ వేళ చీకటి పడే సమయం. వీరబల్లిలో పుష్పలత అత్త, పుష్పలత ఐదేళ్ళ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేసే సమయం. నూర్ బీ తుడుపుకర్ర పట్టుకుని అక్కడే నిలబడింది. మోగడం ఆగాక మామా లోపలికి వచ్చి, ఫోన్ బయటికి తీసి, పూర్తిగా ఆపేసి, మళ్ళీ లోపల పెట్టింది.

"నూర్, కూర్చో" అంది.

మామా ఎదురుగా ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. తివాచీ అంచున మోకాళ్ళ మీద కూర్చుంది.

మామా చెడ్డది కాదు. నూర్ బీకి టైఫాయిడ్ వచ్చినప్పుడు తానే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఈద్‌కు కొత్త బట్టలు ఇవ్వడం ఒక్క ఏడూ మరవలేదు. ఇప్పుడు బీరువాలోంచి ఒక తెల్లటి నమాజు దుస్తు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. మెత్తటి నూలు, అంచున సన్నటి కుట్టుపని.

"వచ్చే వారం మా అక్క వాళ్ళు కారులో ఉమ్రాకు పోతున్నారు. నిన్ను కూడా తీసుకెళ్ళమన్నాను. కాబా చూడాలని ఎన్నేళ్ళ నుంచి అడుగుతున్నావు!"

నూర్ బీ చేతులు ఆ గుడ్డ మీద ఆగిపోయాయి. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. పదకొండేళ్ళు. పక్క దేశమే. ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం. ఇక్కడికొచ్చిన మొదటి రోజు నుంచి ప్రతి నమాజు తర్వాతా ఆమె అడిగిన ఒక్కటే దువా.

"అల్లా మీకు మేలు చేయాలి, మామా."

"ఆదివారం బాబాతో కలిసి పనివాళ్ళ ఫిర్యాదులు చూసే సర్కారు ఆఫీసుకు రావాలి. చిన్న పని. ఈ కాగితం మీద నీ బస్మా, అంతే." మామా బొటనవేలు గాలిలో ఒత్తి చూపించింది. "పుష్ప విషయం. పారిపోతానని అది నీకు ముందే చెప్పిందని. నువ్వు సాక్షివి. రేపు మన మీదికి ఏమీ రాకుండా."

కాగితం బల్ల మీద పెట్టి, ఏదో ఫోన్ వస్తే మామా లేచి వెళ్ళింది.

నూర్ బీ బడికి వెళ్ళలేదు. రాయచోటి మదరసాలో ఖురాన్ చదవడం నేర్చుకుంది. ఏం చదువుతోందో తెలియకుండా, అక్షరం పలకడం మాత్రమే. అర్థాలు నేర్పింది కువైట్ వంటిల్లు. ఆమె చదవగలదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కాగితాలు చదవగలదని ఎవరికీ తోచలేదు, ఆమెకు కూడా. ఇప్పుడు వంగి, వేలు పెట్టి, పిల్లలు కూడబలుక్కున్నట్టు చదివింది. ఖురాన్‌లో అక్షరాల మీద ఉండే గుర్తులు ఇందులో లేవు. అయినా కొన్ని మాటలు లేచి నిలబడ్డాయి. నూర్. ఖాదిమా, పనిమనిషి. హరబత్, పారిపోయింది. సరఖత్, దొంగిలించింది. కింద ఒక మాట మదరసా రోజుల నుంచీ తెలిసిందే. షహాదా. సాక్ష్యం.

తెల్ల దుస్తు ఒళ్ళోనే ఉంది. దాన్ని మడతపెట్టింది. మడత సరిగా రాలేదు. విప్పి మళ్ళీ పెట్టింది. అల్లా తన ఇంటికి దారి ఒక అబద్ధం మీదుగా వేస్తాడా? ఏమో, పెద్దలకు తెలియాలి. వేసినా, ఆ బొటనవేలితో కాబా తలుపు తెరను ఎట్లా పట్టుకునేది?

*

శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత సరుకుల కోసం మామా ఆమెను డ్రైవరు ఖాజావలితో అబ్బాసియాకు పంపింది. కడప మనిషి. నూర్ బీని ఆపా అంటాడు. కారును పెద్ద రోడ్డెక్కించాడు. ఆ తర్వాత, అద్దంలోంచి చూస్తూ అన్నాడు:

"ఆపా, సంజీవమ్మ మూడు దినాల నుంచి నాకు ఫోన్ చేస్తాంది. మిమ్మల్ని చూడాలంట. టైలర్ షాపు కాడ ఉంటాది. చెప్పాలో వద్దో తెలీక..."

"బతికుందా?" అంది నూర్ బీ.

"ఎవరు?"

"ఎవరంటే ఏంది రా! పుష్ప."

"బతికుందంట ఆపా."

నూర్ బీ కిటికీ వైపు తిరిగింది. ముసుగు కొసతో మొహం తుడుచుకుంది. బయట రోడ్డు మీద వేడికి దూరంగా నీళ్ళు ఉన్నట్టు మెరుస్తోంది.

సంజీవమ్మ పుష్పలతకు మేనత్త. అబ్బాసియాలో టైలర్ షాపు వెనక గదిలో బొత్తాలు కుడుతుంది. నూర్ బీని చూసి లేవలేదు. నోట్లో సూది పెట్టుకుని, దారం పళ్ళతో తెంపింది.

"రామ్మా, కూచో. కాబాకు పోతాండావంటనే. మునాఫ్ బాయ్ అంగట్లో అనుకుంటాండారు. మంచిది, అందరి పాపాలూ కడుక్కోనిరా."

"సంజీవమ్మా..."

"నువ్వు మాట్లాడాకు. నేను చెప్తా విను. ఆ పిల్ల ఆ బల్ల మీద కూర్చోని ఉన్నెది. మీ దీపాలు పోయినాక కండ్లు తెరిచినా మూసినా ఒకటేనంట. గోడలోంచి నీళ్ళు బొట్టు బొట్టు పడే సప్పుడు తప్ప ఏమీ లేదంట. పాట పాడుకున్నెదంట బయానికి. మోకాలు బిగిసిపాయ, లేద్దామంటే లేయలే. కడాకు గుంపొచ్చి, ఎవురో దీపం మొహం మీద పెట్టి చూస్తే వీళ్ళు మనుషులా దెయ్యాలా అని కెవ్వున అరిసిందంట. ఎత్తుకోని దించినారు. కింద మీరు లేరు. మీరు దిగిన ఇంటి అడ్రసు తెలీదు, ఫోన్ లేదు, కాగితం లేదు. ఇప్పుడు యాడో ఆడోళ్ళుండే ఇంట్లో పెట్టినారు. ఒకామె ఫోనిచ్చింది. నా నంబరొకటే దానికి నోటికొచ్చు."

"కాలు ఎట్లుంది?"

"కాలు బాగైతాది. పేరే బాగు కాదు." సంజీవమ్మ సూది గుడ్డకు గుచ్చింది. "నిన్న మీ ఇంటోళ్ళు ఏజెంటుకు చెప్పినారు. వాడు వీరబల్లికి ఫోన్ చేసినాడు, మీ కోడలు పారిపాయ అని. మన ఊళ్ళల్లో ఆడది పారిపాయ అంటే ఏమనుకుంటారో నీకు తెలీదా? ఎవనితోనో పాయ అంటాండారు. దాని అత్త పిలగాన్ని దాచిపెట్టింది. వాకిట్లోకి రానీనంటాంది. ఈడ పారిపోయినట్టు కేసు పడిందంటే ఇంక దాన్ని నమ్మేదెవురు?"

ఖాజావలి గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు.

"దాన్ని అడిగినా నేను," అంది సంజీవమ్మ, "లేచి ఎవురినో ఒకర్ని పిలవొచ్చు గదా, మొద్దుదానా అని. అదేమన్నెదో తెలుసునా? నూరక్క కదలొద్దు అన్నెది, మళ్ళొస్తాదనుకున్నా అన్నెది. ఇంగా నువ్వు మళ్ళొస్తావనే అనుకుంటాంది."

నూర్ బీ పక్కనున్న బుట్టలోంచి ఒక చొక్కా తీసి, బొత్తాం లేని చోట సూది గుచ్చింది. రెండు బొత్తాలు కుట్టింది. మూడోది కుట్టాక నూర్ బీ చొక్కా మడతపెట్టి లేచింది.

"ఆదివారం నన్ను ఆఫీసుకు పిలుచుకోని పోతారు" అంది.

"పోయి?"

నూర్ బీ ముసుగు సర్దుకుని గుమ్మం దాటింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఖాజావలి అన్నాడు: "ఆపా, మీరేం సెప్పినా వాళ్ళు వాళ్ళ మాటే రాసుకుంటారు. మీరీడ ఉండే ఇఖామా కాగితం వాళ్ళ చేతుల్లో ఉంది. ఆలోచన చేసుకోండి." సిగ్నల్ దగ్గర కారు ఆపి, "నేనైతే భయపడతా" అన్నాడు.

"నాకు మాత్రం లేదా తమ్ముడా భయం?"

శనివారం ఆమె ఉపవాసం ఉంది. మామా గమనించి, ఉమ్రా కోసమా అని సంతోషంగా అడిగింది. నూర్ బీ తల వంచుకుని తుడుపుకర్ర అందుకుంది. అయిదు పూటలా నమాజు చదివింది గాని ఆ తెల్ల దుస్తు వేసుకోలేదు. సజ్దాలో నుదురు నేలకు ఆనించిన ప్రతిసారీ ఆ చీకట్లో గైడు ఎత్తిన వేలు కనపడింది.

*

ఆదివారం ఆఫీసులో జనం ఎక్కువగా ఉన్నారు. నీలం కుర్చీల్లో ఆడవాళ్ళు, చేతుల్లో చీటీలు. ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. ఒక శ్రీలంక పిల్ల గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. బాబా తసబీ పూసలు తిప్పుతూ ముందు నడిచాడు. మామా, ఆమె వెనక నూర్ బీ.

అధికారికి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, టీ తాగుతూ కాగితం చూశాడు.

"నువ్వేనా నూర్? చదువొచ్చా?"

"ఖురాన్ చదువుతాను."

ఆయన కొంచెం నవ్వాడు. "మంచిది. నేను చదువుతాను, విను." చదివాడు. ఈ పనిమనిషి పుష్ప ప్రయాణానికి ముందే పారిపోవాలని అనుకున్నట్టు, ఆ మాట నూర్‌తో చెప్పినట్టు, గుహ చూడటానికి వెళ్ళినప్పుడు యజమానురాలి బ్యాగు తీసుకుని పారిపోయినట్టు. "ఇది నీ మాటేనా?"

సిరా డబ్బా మూత తీసి ఆమె వైపు జరిపాడు. నల్లటి సిరా తడిగా మెరుస్తోంది. మామా పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది.

"కాదు" అంది నూర్ బీ.

మామా తల ఎత్తింది. బాబా వేళ్ళ మధ్య తసబీ ఆగింది.

"ఆమెకు అరబీ సరిగా అర్థం కాదు" అన్నాడు బాబా.

"పదకొండేళ్ళుగా మీ ఇంట్లో ఉందని ఇక్కడ రాశారు" అన్నాడు అధికారి. కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. "చెప్పు."

నూర్ బీ చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, మెట్లు దిగినట్టు. "పుష్ప పారిపోలేదు. గుహ లోపల ఒక బల్ల ఉంది. అక్కడ కూర్చోమన్నాను. కూర్చుంది. మేము వేరే దారిలో దిగాం. తలుపు దగ్గర ఒకరు తక్కువ అని గైడు అడిగాడు. నాకు అర్థమైంది. నేను చెప్పలేదు. బ్యాగులో టీ ఫ్లాస్కు, పాప మేజోళ్ళు ఉన్నాయి. నేనే సర్దాను."

"ఎవరు కూర్చోమన్నారు ఆమెను?"

"నేను."

"నీకెవరు చెప్పారు?"

"మామా. కూర్చోమను అంది. కదలొద్దు అన్నది నా మాట."

అధికారి మామా వైపు చూశాడు. మామా మొహం ఎర్రబడింది. కానీ గొంతు మామూలుగానే ఉంది.

"నేనేమీ చెప్పలేదు. వాళ్ళ భాషలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకేం తెలుసు?"

నూర్ బీ మామా మొహం చూసింది. పదకొండేళ్ళ పాటు ఆ మొహంలో కోపం, నవ్వు, తలనొప్పి అన్నీ ముందే పసిగట్టిన మనిషి. ఇప్పుడక్కడ ఉన్నది భయం. తనకున్నటువంటిదే. అది చూశాక ఆమెకు మామా మీద కోపం రాలేదు. తనలో ఉన్న భయం మాత్రం అట్లాగే ఉంది.

"అంటే," అన్నాడు అధికారి నెమ్మదిగా, "ఆమెను అక్కడ ఉండమన్నది నువ్వు. కదలొద్దన్నది నువ్వు. అడిగితే చెప్పనిది నువ్వు. మీరిద్దరూ ఒకే ప్రాంతం వాళ్ళు. ఇది ఎట్లా కనపడుతుందో తెలుసా? ఆమె అక్కడ మిగిలిపోయేలా చేసింది నువ్వేనని."

నూర్ బీ అప్పటి దాకా అట్లా ఆలోచించలేదు. నిజం చెబితే అది మామా వైపు పోతుందని, లేదా ఎటూ పోకుండా కాగితంలో ఉండిపోతుందని అనుకుంది. అది తిరిగి తన మీదికే వచ్చి నిలబడింది. కానీ ఎంత వెతికినా అందులో అబద్ధం కనపడలేదు.

"అట్లా రాస్తే పుష్ప పారిపోయినట్టు ఉండదా?" అని అడిగింది.

"ఉండదు. ఈ ఫిర్యాదు నిలవదు. కానీ నీ మీద విచారణ ఉంటుంది. నీ కఫీల్, అంటే ఈ యజమాని, నిన్ను ఉంచుకోకపోవచ్చు." ఆయన కలం పక్కన పెట్టాడు. "అమ్మా, నీకు తొందరేమీ లేదు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రేపు రావచ్చు."

మదరసాలో చదువు చెప్పే ఉస్తానీ ఖురాన్‌లోని ఒక ఆయతు చదివి, ఉర్దూలో అర్థం చెప్పింది ఒకసారి. సాక్ష్యం నీకే ఎదురు తిరిగినా సరే, తల్లిదండ్రులకు ఎదురు తిరిగినా సరే, నిలబడి చెప్పమని. అప్పుడు నూర్ బీకి తొమ్మిదేళ్ళు. ఎవరైనా తమ మీద తాము సాక్ష్యం చెప్పుకుంటారా అని పిల్లలందరూ నవ్వారు. ఉస్తానీ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో ఇన్నేళ్ళకు కూడా ఆమెకు అర్థం కాలేదు.

"ముందు ఆ పిల్ల సంగతి రాయండి" అంది. "తర్వాత నాది."

ఆయన రాశాడు. రాయడం చాలాసేపు పట్టింది. అయ్యాక చదివి వినిపించాడు. ఖాదిమా పుష్ప పారిపోలేదు. నూర్ మాట మీద గుహలో కూర్చుంది. ఆమెను అక్కడే వదిలేసి వచ్చారు. "మొదటి మాట మళ్ళీ చదవండి" అంది నూర్ బీ. ఆయన మళ్ళీ చదివాడు.

ఆమె బొటనవేలు సిరాలో అద్దింది. కాగితం మీద పెట్టి, మామా గాలిలో చూపించిన దానికంటే చాలా గట్టిగా ఒత్తింది.

బయట ఎండ గోడలా నిలబడి ఉంది. ఖాజావలి కారు తెచ్చి ఆపాడు. బాబా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ వేరే కారులో వెళ్ళిపోయాడు. మామా వెనక సీట్లో కూర్చుంది. నూర్ బీ ముందు కూర్చుంది. వేలి మీద సిరా ముసుగుకు అంటకుండా చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

రౌండబౌట్ దగ్గర ఖాజావలి ఇంటి వైపు తిప్పబోయాడు.

"ఎడమకు" అంది మామా. "మక్తబ్‌కు."

మక్తబ్ అంటే పనివాళ్ళను కుదిర్చే ఏజెన్సీ ఆఫీసు. వద్దనుకున్న పనివాళ్ళను తిరిగి అప్పగించే చోటు. ఖాజావలి చేతులు స్టీరింగ్ మీద ఒక క్షణం ఆగాయి. "మామా, ఆమె సామాను..."

"తర్వాత పంపుతాను."

కారు ఎడమకు తిరిగింది. రోడ్డు పక్కన ఇళ్ళు పలచబడ్డాయి. దుమ్ము లేచి ఎదురుగా పసుపుపచ్చ తెరలా ఉంది. మక్తబ్‌లో ఏమవుతుందో, ఎన్ని రోజులు ఉంచుతారో, ఎక్కడికి పంపుతారో ఆమెకు తెలియదు. తెలిసింది ఒక్కటే.

"తమ్ముడా," అంది తెలుగులో, "నన్ను దించినాక ముందు సంజీవమ్మకు ఫోన్ చెయ్. ఈ పొద్దే వీరబల్లికి చెప్పమను. పుష్ప పారిపోలేదు, ఆఫీసులో రాసినారు, బస్మా కూడా పడింది అని. నేనే కూర్చోమంటినని, నేనే తిరిగి రాలేదని కూడా చెప్పమను. పిలగాన్ని దాయొద్దను."

"సరే ఆపా" అన్నాడు ఖాజావలి.

"ఏం మాట్లాడుకుంటున్నారు?" అంది మామా వెనక నుంచి.

ఖాజావలి అద్దంలోకి చూశాడు. నూర్ బీ సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగింది. మామా కళ్ళలోకి చూస్తూ, తాను తెలుగులో చెప్పిందంతా, ఒక్క మాట విడవకుండా, ఒక్క మాట కలపకుండా, అరబీలో చెప్పింది.